పొడి బాబాయి, నల్లపొడి

పొడి బాబాయికి ఈ లోకంలో ఒక్కటే శత్రువు, నీళ్లు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బ్యాటరీ పరిశోధనశాలలో తేమ లేని గదికి ఆయనే పెద్దదిక్కు. ఎదురుపడితే క్షేమసమాచారాలు అడగడు. "తడా, పొడా?" అంటాడు. తుమ్మబోయిన మనిషిని ముక్కు పట్టుకుని బయటికి లాక్కొచ్చిన ఘనత ఆయనది. డైరెక్టరంతటివాడు మంచినీళ్ల సీసాతో వస్తే, "అయ్యా, తమరు రావచ్చు. సీసా రాకూడదు" అని దాన్ని గుమ్మంలోనే నిలబెట్టేశాడు.

కొత్తగా చేరిన అమ్మాయికి ఒళ్లు మండింది. "ఇంత చాదస్తమేంటి బాబాయిగారూ?"

ఆయన బుడ్డిలో నల్లపొడి చూపించాడు. "ఎలక్ట్రోడ్ పొడి. చూడ్డానికి ఉత్త మసి. లిథియాన్ని వందలసార్లు కడుపులో దాచుకుంటుంది, అడిగినప్పుడల్లా తిరిగిచ్చేస్తుంది. రవ్వంత తడి తగిలిందా, బ్యాటరీ సెల్‌లో పోసిన ద్రవం ఆమ్లమై దీన్నే కొరుక్కుతింటుంది. చాదస్తం కాక ఏం చెయ్యమంటావు?"

పసిపిల్ల నిద్రలో ఉన్నట్టు గొంతు తగ్గించి మరీ చెప్పాడు. ఆ మసిని చూస్తుంటే ఆమెకూ ఒళ్లు జలదరించింది.

అయినా ఆమె సెల్స్ మూడు విడతలూ వంద చార్జింగులైనా నిలవకుండా చచ్చాయి. "నాలుగోది అయిదువందలు దాటకపోతే ఈ పని ఆపేద్దాం" అన్నాడు డైరెక్టర్. మూడేళ్ల చాకిరీ అది.

నాలుగో విడత చేసిన వారం పొడి బాబాయి మరీ మితిమీరాడు. గదిలోంచి ఆమెను తప్ప అందర్నీ తరిమేశాడు, తనూ అడుగుపెట్టలేదు. అద్దం అవతల కాపు కాసి, ఆమె గట్టిగా నిట్టూరిస్తే చాలు, టకటకా కొట్టేవాడు. పెద్దాయనకు పూర్తిగా మతిపోయిందనుకుందామె.

రెండు నెలలకు తెరమీద చార్జింగుల లెక్క అయిదువందల ఒకటి పడింది. చిటికెడు మసి, అన్నిసార్లు పుచ్చుకుని, అన్నిసార్లు ఇచ్చి, ఇంకా అలసిపోలేదు.

పక్కనున్న టెక్నీషియన్ నవ్వాడు. "ఆ వారం గది ఆయనది, తెలుసా? మనిషి ఊపిరిలోనే బోలెడు తేమ, ఒక్కతే ఉంటే మంచిదని తన వంతు నీకిచ్చాడు. తన ప్రయోగం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, అందుకే నీకొక్కదానికే చెబుతున్నా."

ఆమె పరుగున వెళ్లి నిలదీసింది. "మీ వారం నాకెందుకిచ్చేశారు?"

"ఎవరిచ్చారు? లోపల చలి తల్లీ, నాకు పడదు" అన్నాడు పొడి బాబాయి, మెడమీద కారుతున్న చెమట తుడుచుకుంటూ.