గంజి పోసిన ట్యూబు

పెద్ద లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. వరంగల్‌ల కొత్త సైకిల్ ట్యూబు దొరకడమే గగనం. మా బాపు తాను నేసిన చీరెలు మూటగట్టి, సైకిల్ మీద కాజీపేట రైల్వే క్వార్టర్లకు పోయి అమ్మేటోడు. వెనక టైరుకు కంటికి కనపడని తూటు ఒకటి ఉండేది. ఇంటికాడ నిండా గాలి కొట్టినా, కాజీపేట చేరేసరికి సగం పోయేది.

నేతపనోడు కదా, బాపుకు దేవుని మీద కంటే గంజి మీద నమ్మకం ఎక్కువ. ఒకనాడు పడుగు పోగులకు పట్టించడానికి నన్ను గన్న అవ్వ కాచిన గంజిల నుంచి గిలాసెడు తీసి, వాల్వు ఊడబీకి ట్యూబులకు పోసిండు.

"అది సైకిలయ్యా, మగ్గం కాదు!" అని అవ్వ మొత్తుకున్నది.

"సన్నటి పోగునే గట్టి చేస్తది, గింత తూటును మూయదా?" అన్నడు బాపు.

నిజంగనే నాలుగు రోజులు గాలి నిలిచింది. బాపు వాడకట్టంతా గొప్పలు చెప్పుకున్నడు. ఐదోనాడు టైరు మళ్ల మెత్తబడ్డది. వంగి వాల్వు విప్పంగనే, పులిసిన గంజి ఎగజిమ్మి ఆయన మీసాల మీద పడ్డది. వాకిలంతా ఒకటే కంపు. అవ్వ కొంగుతోని ఆయన మూతి తుడుస్తూ, "ఉప్పేసుడు మరిచినవు," అన్నది. ముందుగాల నవ్వింది బాపే.

మొన్న నా మనుమడు బండి టైరుల పచ్చటి మందు పోసి, తూటు దానంతట అదే మూసుకుంటదన్నడు. ఇదేదో ఇప్పుడే కనిపెట్టినట్టు వాని నీలుగుడు చూసి నాకు ఒళ్లు మండింది. సీసా గుంజుకొని వాసన చూసిన. పులుపు లేదు. ఎందుకో నాకు నమ్మబుద్ధి కాలేదు.