మెమరీ కార్డులోని చుట్టాలు

పరిచయాల బాబాయ్‌కి ఒకటే జబ్బు. తను తీసిన ఫొటోలో ఉన్న మనిషి ఎవరో, ఎవరికి ఏమవుతారో చెప్పకుండా ఒక్క ఫొటోని కూడా కంప్యూటర్లోకి పోనివ్వడు.

ఆ స్టూడియోలో ఫొటోలు తీసేది ఆయన, వాటికి మెరుగులు దిద్దేది ఎడిటర్. కార్డు పెట్టి అన్నీ ఒకేసారి కంప్యూటర్లోకి లాగేస్తే పన్నెండు నిమిషాల పని. బాబాయ్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంటే అదే మూడు గంటలు. ఒక్కో ఫొటో తెరవాలి, ఆయన పరిచయం చేయాలి, ఆమె ఊ కొట్టాలి, అప్పుడు గానీ అది ఫోల్డర్లోకి వెళ్ళకూడదు.

"ఈవిడ పెళ్ళికూతురి మేనత్త. మోకాళ్ళ నొప్పులు. అయినా పాపం లేచి నిలబడింది."

"ఊ."

"ఈయన ఆవిడ భర్త. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. లేవలేదు."

"బాబాయ్, మొహం మీద వెలుతురు సరిచేయడం వరకే నా పని. వీళ్ళ మోకాళ్ళతో నాకేంటి?"

"తెలుసుకుంటే పోయేదేముంది అమ్మాయ్?"

పోయేది ఆమె ప్రాణం. పొద్దున్నుంచీ తెర వైపు చూసి చూసి కళ్ళు మండేవి, మెడ పట్టేసేది. పైగా ఎనిమిదేళ్ళుగా ముక్కూ మొహం తెలియని వాళ్ళ చుట్టరికాలన్నీ బుర్రలో పేరుకుపోయాయి. ఒకసారి బస్సులో పక్కన కూర్చున్నావిడని, "మీ తోడికోడలికి కంటి ఆపరేషన్ అయిందా అండీ?" అని అడిగేసింది. ఆవిడ మారు మాట్లాడకుండా లేచి వేరే సీట్లోకి వెళ్ళిపోయింది.

అలాంటిది, ఒక రోజు బాబాయ్‌కి జ్వరమొచ్చింది. కార్డు మాత్రం పంపించాడు, దాంతోపాటు ఒక చీటీ. "నేను వచ్చేదాకా ఆగు." అవి ఒక బామ్మగారి ఎనభయ్యో పుట్టినరోజు ఫొటోలు. కుటుంబమంతా ఉన్నదొకటి పెద్దది చేసి, మర్నాడు నాలుగింటికల్లా ఇవ్వాలి. బామ్మగారి మంచానికి ఎదురుగా గోడకి పెడతారట.

ఎడిటర్ చీటీని కీబోర్డు కిందకి తోసి, పన్నెండు నిమిషాల్లో అన్నీ లాగేసింది. పక్కన ఎవరూ మాట్లాడకపోయేసరికి ఆమెకి సెలవు దొరికినంత హాయిగా ఉంది. కుటుంబమంతా ఉన్నవి ఏడు. ఆరింటిలో బామ్మగారు ఎటో చూస్తోంది. ఏడోదాంట్లో నోరారా నవ్వుతోంది. దాన్నే తీసుకుంది. కాకపోతే ఓ చివర, నలిగిన చొక్కాతో, చేతిలో నీళ్ళ గ్లాసుతో ఎవరో ఉన్నాడు. మిగతా ఆరింటిలో లేడు. వడ్డించే మనిషెవరో అడ్డం వచ్చాడనుకుంది. రెండు గంటలు కూర్చుని, ఆయన్ని గ్లాసుతో సహా చెరిపేసి, ఆ చోట ఒక పూలకుండీని అతికించి, దాన్నే సేవ్ చేసేసింది. తన పనితనానికి తనే మురిసిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బాబాయ్ మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. కుర్చీ లాక్కున్నాడు. తెర వైపు చూసి, ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఎవర్నీ పరిచయం చేయలేదు.

"పెద్దబ్బాయి ఏడీ?"

"ఎవరి పెద్దబ్బాయి?"

"బామ్మగారి పెద్దకొడుకు. నీళ్ళ గ్లాసు."

ఎడిటర్ తెర మీది పూలకుండీ వైపు చూసింది.

"తమ్ముడితో మాటల్లేక తొమ్మిదేళ్ళుగా ఆ గడప తొక్కలేదు. ఆ రోజు గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. బామ్మగారేమో కెమెరా వైపు చూడదు, గేటు వైపే చూపు. ఎవరండీ ఆయన అని అడిగితే పక్కింటావిడ చెప్పింది. పిలిచేవాళ్ళు లేరు, పిలవందే ఆయన రాడు. నేనే వెళ్ళి, ఫొటోలో ఒక పక్క ఖాళీగా ఉందండీ, ఒక్క నిమిషం నిలబడతారా అన్నాను. ఉత్త చేతులతో మొహమాటపడతాడని గ్లాసు నేనే ఇచ్చాను."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. నవ్వుని ఉంచి, ఆ నవ్వు తెప్పించిన మనిషిని చెరిపేసింది. ఈయన ఊళ్ళో వాళ్ళ చుట్టరికాలన్నీ ఆరా తీసేది, ఫొటోకి దూరంగా ఎవరు మిగిలిపోయారో చూసుకోవడానికన్నమాట.

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం బాబాయ్?"

"రోజూ మూడు గంటలు చెప్పేది ఇదేగా."

ఒక్క మాట కూడా తిట్టలేదు. అసలు ఫొటో కార్డులో ఇంకా ఉంది. ఆమె దాన్ని మళ్ళీ లాగి, అన్నం మానేసి, వెలుతురూ రంగులూ అన్నీ మొదటి నుంచి దిద్దుకొచ్చింది. జ్వరంతోనే ఆయన పక్కన కూర్చున్నాడు. నాలుగింటికి పది నిమిషాలుండగా ప్రింటు చేతికొచ్చింది.

నాలుగింటికి అన్నదమ్ములిద్దరూ వచ్చారు. మాటలు ఇంకా పూర్తిగా కలిసినట్టు లేవు గానీ, వచ్చింది మాత్రం ఒకే స్కూటర్ మీద. పెద్దాయన ఫొటోని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఫొటోలో అమ్మ బాగా పడింది," అన్నాడు. తర్వాత ఎడిటర్‌తో మెల్లిగా, "నా పొట్ట కొంచెం తీసేయడానికి వీలవుతుందా అమ్మా?" అని అడిగాడు.

ఆమె జవాబిచ్చేలోపే బాబాయే అందుకున్నాడు.

"వద్దులెండి. మా అమ్మాయి తీయడం మొదలుపెడితే పొట్టతో ఆగదు."