వడ్ల అర్ర గోడకు సబ్ వూఫర్

మొన్న కరీంనగర్‌లో కొత్తగా ఫ్లాట్‌లోకి దిగిన మా స్నేహితుడొకడు ఫోన్ చేసి, హోం థియేటర్ తెచ్చానని, ఏది ఎక్కడ పెట్టాలో వచ్చి చూపించమని అడిగాడు. ఈ విషయంలో నాకు కొంత పేరుంది. ఆ పేరు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు కనుకనే ఇంకా నిలిచి ఉంది. వెళ్ళాను. ముందు స్పీకర్లు రెండూ టీవీకి చెరో పక్కన, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, కాస్త లోపలికి తిప్పి పెట్టించాను. మాటలు పలికే మధ్య స్పీకర్‌ను టీవీ కిందికి చేర్చాను. వెనకవి రెండూ సోఫాకు అటూ ఇటూ బిగించాను. అంతా అయ్యాక వాడు బరువైన మోత పలికే సబ్ వూఫర్‌ను కాలితో నెట్టుకుంటూ ఒక మూలకు తీసుకుపోయి, "గీడ పెడితే కాళ్ళకు అడ్డం రాదురా" అన్నాడు. నేను గోడను వేళ్ళతో తట్టి, "దీనికి అవుతల ఎవలుంటరు?" అని అడిగాను. "నాకేం దెల్సు? నేనొచ్చి వారమే అయితుంది" అన్నాడు వాడు, పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తూ. పక్క ఫ్లాట్ గంట కొట్టి కనుక్కుని వచ్చేదాకా నేను తీగ కలపలేదు. వాడి చాయ్ చల్లారింది, నాకు మా చిన్నబాపు గుర్తొచ్చాడు.

చిన్నబాపు మా బాపుకు తమ్ముడు. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్ళో పుట్టి, ఇరవై ఏళ్ళు దుబాయ్‌లో ఏసీ గొట్టాలు బిగించి, నడుము పట్టేసిందని తిరిగి వచ్చేసిన మనిషి. అక్కడ ఒక గదిలో ఎనిమిది మంది, ఎనిమిది మందికి ఎనిమిది ఫోన్లు. ఒకడి సినిమా ఇంకొకడి నిద్ర చెడగొట్టకూడదని అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే చూడాలట. ఇంత మర్యాద నేర్చుకుని వచ్చినవాడు ఊళ్ళో ఏం చేశాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. వచ్చిన రెండో వారమే, "ఇరవై ఏండ్లు చెవులల్ల పుల్లలు పెట్టుకొని ఇన్నరా. ఇగ ఇల్లంత ఇనాలె" అని ప్రకటించాడు. కొడుకు పెళ్ళికి ముహూర్తం పెట్టించినంత గంభీరంగా అన్నాడు. ఆయనకు కొడుకులు లేరు, ఆ ముచ్చట కూడా ఈ డబ్బాలతోనే తీర్చుకున్నాడు.

మా పెద్దల్లో పెదబాపు, మా బాపు, చిన్నబాపు ముగ్గురు. పంపకాల్లో మా బాపు పొలం వైపు మొగ్గి ఊరి చివర ఇల్లు కట్టుకున్నాడు. పాత ఇంటిని మిగతా ఇద్దరూ సగం సగం చేసుకున్నారు. చిన్నబాపు తన సగాన్ని కూల్చి స్లాబు ఇల్లు లేపాడు, పెదబాపు తన సగాన్ని ఉన్నదున్నట్టే ఉంచుకున్నాడు. నడిమి గోడ మాత్రం ఇద్దరిదీ. ఆ తర్వాత చిన్నబాపు ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఉమ్మడి బోరు మోటారు స్టార్టర్ డబ్బా ఎవరి వైపు ఉండాలన్న మీద మాట మాట పెరిగి, అన్నదమ్ములు అప్పటికి రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. దేశాల మధ్య సరిహద్దు తగాదాలకు కూడా ఇంతకన్నా పెద్ద కారణాలు ఉంటాయని నాకు నమ్మకం లేదు. రెండిళ్ళలోనూ చాయ్ తాగగలిగినవాణ్ణి ఊరు మొత్తంలో నేనొక్కణ్ణే. ఒకసారి అటు మాట ఇటు మోసి, ఇద్దరి చేతా సమానంగా తిట్లు తిన్నాక, ఇకమీదట అటు జోకులు, ఇటు జోకులు తప్ప మరేమీ మోయకూడదని నిర్ణయించుకున్నాను. అప్పట్లో అది చాలా తెలివైన నిర్ణయమనిపించింది.

కొనడానికి కరీంనగర్‌కు ఇద్దరమే వెళ్ళాం. దుకాణం అబ్బాయి ముందుగా ఒక సన్నని సౌండ్ బార్ చూపించాడు. చిన్నబాపు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "గీ కట్టెల ఏముంటదిరా? సినిమల వాన పడితే మన ఎన్కకెల్లి పడాలె" అన్నాడు. అబ్బాయి హెలికాప్టర్లు ఎగిరే సీను పెట్టాడు. "హెలికాప్టర్లు మా ఊరికి రావు, మనుషులు మాట్లాడేది పెట్టు" అని చిన్నబాపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నాలుగు సెట్లు విన్నాడు. ఒకదాంట్లో మాట ముక్కుతో పలికినట్టుందన్నాడు, ఇంకొకదాంట్లో సముద్రమొకటే వినపడుతోంది, మనుషులు మునిగిపోయారన్నాడు. నిజం చెప్పాలంటే నేను ఫోన్‌లో చూసి నేర్చుకున్న పాఠాలన్నింటికన్నా ఆయన చెవి బాగా పనిచేసింది. చివరికి ఐదు స్పీకర్లూ, వాటికి తోడు పీపా అంత సబ్ వూఫరూ ఉన్న సెట్టు నచ్చింది. బస్సులో వచ్చేటప్పుడు సబ్ వూఫర్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికీ టికెట్ తీస్తానని కండక్టర్‌తో వాదించాడు.

బిగించడం నా పని. ఐదింటికీ స్థలాలు తేలిగ్గానే దొరికాయి, సబ్ వూఫర్‌తోనే తిప్పలు. దానికొక పద్ధతి ఉంది: మనం కూర్చునే చోట దాన్ని కూర్చోబెట్టి, అది మోగుతుండగా మనం గదంతా మోకాళ్ళ మీద పాకుతూ, మోత ఎక్కడ కుదురుగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టాలి. చిన్నబాపు లుంగీ పైకి దోపుకుని, చెవి నేలకు వంచి, గోడ వెంట పాకాడు. ఆయన భార్య, మా చిన్నవ్వ, వంటింటి గుమ్మంలో నిలబడి, "దుబాయ్‌ల గిదేనా నేర్చుకొనొచ్చినవ్? మొన్న నడుము నొస్తుందంటివి" అంది. టీవీకి ఎడమ పక్క, గోడకు జానెడు ఎడంగా, అద్భుతంగా కుదిరింది. దెబ్బ కొట్టినట్టు కాకుండా, కడుపులో ఎవరో నెమ్మదిగా మాట్లాడినట్టు వినిపించింది. చిన్నబాపు అక్కడే నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. అప్పుడు చిన్నవ్వ లోపలికి వచ్చి, అది ఈశాన్యం మూల అని గుర్తుచేసింది.

"ఈశాన్యంల గంత బరువు పెడ్తరా? ఇల్లు ఆగమైతది. బరువు నైరుతిల ఉండాలె" అంది. అది బరువు కాదు, శబ్దం అన్నాను. "ఎత్తి సూపియ్యి మరి" అంది. ఎత్తలేకపోయాను. వాస్తు గెలిచింది. నైరుతి అంటే సోఫా వెనక మూల, నడిమి గోడకు ఆనుకుని. మూలలో పెడితే శబ్దం రెట్టింపై గోడలోకి పోతుందని నాకు తెలుసు. చిన్నబాపు ఒక్క క్షణం ఆగి, "అవుతల ఏమున్నది? వడ్ల అర్రనే గదా. వడ్లకు చెవులుంటయా?" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆయనకు తెలిసిన ఇల్లు గొడవకు ముందటిది. మాటలు లేవు కనుక వచ్చాక కూడా ఆ గడప తొక్కలేదు. ధాన్యం పోసుకునే ఆ గదిలో ఇప్పుడు వడ్లు లేవు, పెదబాపు భార్య, మా పెద్దవ్వ, మంచం ఉంది. గుండె జబ్బు చేశాక మెట్లెక్కలేక, చల్లగా ఉంటుందని పెదబాపు ఆమెను ఆ అర్రలోకి మార్చాడు. ముందు వారమే ఆ మంచం మీద కూర్చుని నేను చాయ్ తాగాను. ఇవన్నీ తెలిసే నవ్వాను. జోకు బాగుందని నవ్వాను.

వారం తర్వాత పెద్దవ్వను చూడబోయాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుతూ గలగలమంటున్నాయి. ఆమెకు రాత్రుళ్ళు పడుకుంటే ఆయాసం వస్తుంది, కూర్చునే తెల్లవారుతుంది. మధ్యాహ్నం మాత్ర వేసుకున్నాక పట్టే రెండు గంటల నిద్రే ఆమెకున్న నిద్ర. చిన్నబాపుకు సినిమా టైము కూడా అదే.

"మీ చిన్నబాపు ఏ సినిమ జూసినా నాకొక్కటే సినిమరా" అంది నవ్వుతూనే. "మాటలు రావు, పాటలు రావు. గుద్దుడొక్కటే వస్తది. ఎవలు ఎవల్ని కొడుతుండ్రో గూడ సమజైతలేదు."

"హీరోనే కొడుతుండు పెద్దవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆమె నవ్వడం ఆపింది. "నిద్ర పడతలేదు బిడ్డా. ఆ డబ్బను జర అటు జరుపుమను. నేను చెప్పిన్నని అనకు, మీ పెదబాపు చెవుల పడితే మల్ల లొల్లి."

రేపే జరుపుతానని మాటిచ్చాను. మర్నాడు చిన్నబాపు దగ్గరికి వెళ్ళి, ఈశాన్యంలో శబ్దం ఇంకా బాగుంటుందని, గది కొలతలని, ధ్వని తరంగాలని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విని, "మీ చిన్నవ్వకు చెప్పుకోపో" అన్నాడు. ఆమె చెవిటిదానిలా చపాతీలు ఒత్తుతూనే ఉంది. అవతల పెద్దవ్వ పడుకుంటుందన్న ఒక్క ముక్క తప్ప అన్నీ చెప్పాను. చెబితే, నీకెట్ల తెల్సని అడుగుతారు, ఆమె చెప్పిందని తేలుతుంది, ఊళ్ళో ఇంకో యుద్ధం మొదలవుతుంది, నడుమ నేను నలుగుతాను. నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను. సబ్ వూఫర్ వెనకాల ఉండే, మోత పెంచి తగ్గించే బిళ్ళను ఆయన చూడకుండా రెండు గీతలు తగ్గించి వచ్చాను. ఆయన చెవి సంగతి ముందే చెప్పాను కదా. మరుసటి రోజుకు మూడు గీతలు పెరిగింది.

నెల గడిచింది. ఒక పొద్దున పెదబాపు ఇంటి ముందు కారు ఆగింది. నస్పూర్ నుంచి వాళ్ళ అల్లుడు వచ్చాడు. పెద్దవ్వను ఇద్దరు పట్టుకుని ఎక్కిస్తుంటే చిన్నబాపు తన వరండాలో కూలర్‌లో నీళ్ళు పోస్తూ చూశాడు. నేను పక్కనే ఉన్నాను.

"వదినె ఏడికి పోతుందిరా?"

"నస్పూరుకు, బిడ్డ దగ్గరికి. ఈడ నిద్ర పడతలేదట."

"ఎందుకు పడతలేదు?"

ఇప్పుడు కూడా ఒక జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, వడ్ల అర్రలో వడ్లు లేవని, పెద్దవ్వ మంచం ఉందని చెప్పాను. ఆయన బిందె కింద పెట్టాడు.

"నీకు ఎన్ని దినాలసంది తెల్సు?"

"మొదటిసంది."

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. కారు సందు మలుపు తిరిగింది. ఆయన లోపలికి వెళ్ళి, నేను ఎత్తలేకపోయిన ఆ డబ్బాను నడుము నొప్పితోనే ఎత్తుకెళ్ళి ఈశాన్యంలో పెట్టాడు. చిన్నవ్వే అడ్డంగా ఉన్న స్టూలు పక్కకు జరిపింది. తర్వాత చొక్కా వేసుకుని, రెండేళ్ళలో మొదటిసారి అన్న గడప ముందు నిలబడ్డాడు. పెదబాపు ఖాళీ మంచం మీది దుప్పటి మడతపెడుతున్నాడు. తలెత్తి, "సినిమ అయిపాయెనా?" అన్నాడు. చిన్నబాపు వెనక్కి వచ్చేశాడు.

ఆ సాయంత్రమే పెద్దవ్వకు ఫోన్ చేసి, "జరిపిన వదినె, వచ్చెయ్యి" అని బతిమాలాడు. కాళ్ళ వాపు తగ్గాక వస్తానందట. నస్పూర్‌లో వాళ్ళుండే చోటికి దగ్గర్లోనే బొగ్గు గని, మధ్యాహ్నం పేలుళ్ళకు గోడలు అదురుతాయి. నేను మాట్లాడితే, "ఈడ గూడ అదురుతదిరా. కాకపోతే ఒక్కసారి అదిరి ఊకుంటది. మీ చిన్నబాపు కన్న నయం" అని నవ్వింది. ఆ నవ్వు విని నన్ను క్షమించిందనుకున్నాను. అసలు నా మీద కోపం తెచ్చుకునేంత ఓపిక ఆమెకు లేదన్నది అప్పుడు తట్టలేదు. రెండో నెలలో అక్కడే పోయింది. తన ఇంటికి తిరిగి వచ్చింది, అంబులెన్స్‌లో.

డబ్బా వల్ల ఎవరూ చావరు. డాక్టర్లు ముందే చెప్పిన గుండె అది, ఏ ఊళ్ళో ఉన్నా ఆగేదే. ఈ మాట పెదబాపే అన్నాడు, దినాల్లో, చిన్నబాపు భుజం మీద చెయ్యి వేసి. ఇప్పుడు అన్నదమ్ములు బాగానే మాట్లాడుకుంటారు, ఒకే అరుగు మీద కూర్చుంటారు. స్టార్టర్ డబ్బా ఎవరి వైపు ఉందో ఇద్దరికీ పట్టదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేను వెళితే చిన్నవ్వ చాయ్ ఇస్తుంది, చిన్నబాపు టీవీ వార్తలు మాటలు వినపడేంత మాత్రమే పెట్టుకుని చూస్తుంటాడు. నేను జోకు వేస్తే మర్యాదకు నవ్వుతాడు.

ఆ నెలలో ఏ రోజైనా చెప్పొచ్చు, తొందరేముంది అనుకుంటూ గడిపాను. 'ఏ రోజైనా' అన్న రోజు క్యాలెండర్‌లో ఉండదని తెలిసేసరికి నెలంతా అయిపోయింది.