అమీర్‌పేటలో వాడిపోని దండ

మేము మాలీలం. పూలు పెంచడం, కట్టడం మా ఇళ్ళ పని. శ్రావణంలో ఒక శుక్రవారం మా వాళ్ళంతా కలిసి అమ్మవారికి పూజ చేస్తారు. మొదటి దండ మా ఇంటిది. మా అత్త వేసింది, ఆమె అత్త వేసింది, నలభై ఏళ్ళుగా నేను వేస్తున్నాను. ఒక్క ఏడు తప్పితే ఆ వంతు పోయినట్టే, మళ్ళీ రాదు.

పూజ మునుపు తోటలో జరిగేది. తోటలు ప్లాట్లయ్యాక అమీర్‌పేటలో మూడో అంతస్తు హాలులో చేస్తున్నారు. ఈసారి మా మాలీల సంఘం అధ్యక్షుడు సుదర్శన్ ఫోన్ చేశాడు. ఇళ్ళ స్థలాలు అమ్ముతాడు, నన్ను పెద్దమ్మా అంటాడు. "నీకెందుకు తక్లీఫ్ పెద్దమ్మా. దండ మేం చూసుకుంటం. నువ్వు ఊరికే రా, శాలువ కప్పుతం."

సంఘం కప్పిన శాలువలు నా దగ్గర నాలుగున్నాయి. ఒక్కటీ చలికి ఆగదు. అందుకని తెల్లవారకముందే లేచి లిల్లీ, బంతి, మరువం కోసి, సూది తగలకుండా అరటినారతో దండ కట్టి, తడిగుడ్డ కప్పి బుట్టలో పెట్టుకున్నాను.

ఏడింటికి మా చేవెళ్ళలో మెహిదీపట్నం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్. సీటు మాత్రం ఉచితంగా రాదు, మోచెయ్యి వాడాలి. అమ్మవారి దండను దారిలో కింద పెట్టకూడదు, వాసన చూడకూడదు. అందుకే బుట్ట ఒళ్ళోనే ఉంచుకున్నాను. పక్క సీటావిడ కోస్తా మనిషి.

"ఏంటండీ, పూలా? ఓ మూర ఇస్తారా, డబ్బులిచ్చేస్తాను."

"అమ్మవారియి. ఆమెనడిగి చెప్త" అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఎనిమిదిన్నరకు దిగి పంజాగుట్ట బస్సు మారాను. దండ వేసేదాకా నేను ఏమీ తినను, తాగను. కాబట్టి ఫలహారం ఖర్చు లేదు. తొమ్మిదిన్నరకు పంజాగుట్ట కూడలి దగ్గర బస్సు ఆగింది. ఆగిందంటే డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు. పూజ పదింటికి. "ఇంకెంతసేపు అన్నా?" అని ఎవరో అడిగారు. "నా చేతుల ఉన్నదా? ముంగటున్నోళ్ళను అడుగు పో" అన్నాడు.

అమీర్‌పేట అక్కడికి మెట్రోలో ఒక్క స్టేషనే. దిగి మెట్లెక్కాను. లోపల సంచులు తడిమే మిషను ఉంది. అక్కడి అమ్మాయి బుట్ట అందులో పెట్టమంది.

"దేవుని దండ బిడ్డా. చెప్పుల సంచుల ఎన్క పోనియ్య."

"అందరికీ ఒకటే రూలు అమ్మమ్మా. దేవుడు వచ్చినా పెట్టాల్సిందే."

ఆ పిల్ల తన రూలు వదలదు, నేను నాది వదలను. ఇద్దరం మర్యాదగా విడిపోయాం. మెట్లు దిగి నడిచాను.

మీరూ నడవండి, తప్పేం లేదు. మొదట ఆసుపత్రులు, తర్వాత బంగారం కొట్లు, ఆ తర్వాత కంప్యూటరు కోర్సుల బోర్డులు. ముప్పై రోజుల్లో ఉద్యోగమని ఒక బోర్డు. మా మడిలో కొత్తిమీరకే నలభై రోజులు పడుతుంది.

పదీ ఇరవైకి హాలు చేరాను. పూజ అయిపోయింది. అమ్మవారి మెడలో తెల్లటి లావుపాటి లిల్లీ దండ ఉంది. సుదర్శన్ మైకులో మట్టితో మన బంధం గురించి చెబుతున్నాడు. నన్ను చూసి దిగివచ్చాడు.

"ముహూర్తం దాటిపోతదని వేసినం పెద్దమ్మా. నీది సుత దానిమీద వెయ్యి."

"మీదేస్తే అది రెండోదైతది."

మాలో ఒక కట్టుబాటు ఉంది. అమ్మవారికి వేసిన దండను వాడిపోయేదాకా తియ్యకూడదు. వాడిపోయాకే ఇంకొకటి. ఆ మాట నేను మీరను.

"వాడిపోనీ. తీసి నాది వేస్త. అందాక ఇక్కడనే కూసుంట" అని బుట్టతో కుర్చీలో కూర్చున్నాను.

ఆ దండ సంగతి నాకు దగ్గరికి రాగానే తెలిసింది. చీమ ఎక్కని లిల్లీ ఎక్కడుంటుంది? కానీ ఆ మాట నేను అంటే కుళ్ళుబోతుతనం అవుతుంది. తెచ్చినవాడే చెప్పాలి.

పెద్దవాళ్ళలో ఒకరు తినకుండా కూర్చుంటే మిగతావాళ్ళు విస్తరి ముందుకు రారు. పదకొండయింది, పన్నెండయింది. బగారా అన్నం వాసన హాలంతా తిరుగుతోంది. అందరికంటే పెద్దవాడు నర్సింలు తాత లేచాడు.

"సుదర్శన్, నాకు షుగరున్నది బిడ్డా. గా దండ ఎప్పుడు వాడిపోతది?"

"ఏసీ ఉన్నది గద తాతా, జర టైం పడ్తది."

"అయితే ఏసీ బంద్ పెట్టు."

బంద్ పెట్టారు. అరగంటలో మనుషులు వాడిపోయారు, దండ వాడలేదు. సుదర్శన్ భార్య మొగుడి వైపు తిరిగి, "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది.

అలవాటుకొద్దీ అతను మైకు తీసుకున్నాడు. "అది ప్లాస్టిక్‌ది. ఆన్‌లైన్‌ల తెప్పించిన. ఏటేటా పనికొస్తదని."

ఎవరూ నవ్వలేదు, ఆకలి మీదున్నారు. నర్సింలు తాత తీర్పు చెప్పాడు. "వాడిపోనిది పువ్వెట్లయితది? పువ్వు లేనిది దండెట్లయితది? అమ్మవారి మెడల ఇప్పటిదాకా ఏం లేనట్టే. నువ్వు వెయ్యమ్మా, అన్నం సల్లారుతున్నది."

ఒంటిగంటకు మొదటి దండ వేశాను. లిల్లీల అంచులు అప్పటికే ముడుచుకుంటున్నాయి. ఆ ముడతలు చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

మూడింటికి తిరుగు ప్రయాణం. ఆ ప్లాస్టిక్ దండను పారేస్తామంటే అడిగి తెచ్చుకున్నాను. బీరపాదు మీద కడితే పిట్టలు బెదురుతాయి. మా వాళ్ళకు ఇప్పుడు హాలుంది, మైకుంది, బ్యానరుంది. మూడు గంటలు ఆ దండ ముందు కూర్చున్న అంతమందిలో ఒక్కరూ దాన్ని ముట్టి చూడలేదు. నాకు బాధనిపించింది అదే.

చేవెళ్ళ బస్సులో కండక్టరమ్మ సున్నా టికెట్ కొడుతూ ఆగి, దండను రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"ప్లాస్టిక్‌దా అమ్మా?" అంది.

"నువ్వు మాలీల పిల్లవా?" అని అడిగాను.


"కాదమ్మా. పూలు కొనుక్కునే మనిషిని, అంతే."