‘ఉన్నరా?’ అని అడిగే చిన్నమామ

మా చిన్నమామ పోయారు. పోయిన నెల ఒక పొద్దున చాయ్ తాగుతూ గుండె పట్టుకున్నారట. సూర్యాపేట దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. ఫోన్ వచ్చినప్పుడు నేను మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్నాను. ఆయన తెచ్చి పెట్టిన తెల్ల బకెట్ పక్కనే బోర్లించి ఉంది. వార్త విన్నాక ముందుగా దాని వైపే చూశాను. ఇక సందె వేళ “ఉన్నరా?” అన్న మాట రాదు.

ఆయన మా మామగారి తమ్ముడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయనకు చిన్న రేడియో డబ్బాల మీద మనసు పడింది. అవి అరచేతిలో పట్టేంత ఉంటాయి. సిమ్ ఉండదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్లో మనం రాసిన చిన్న మాటను డబ్బా గాలిలోకి పంపుతుంది. అంత దూరంలో ఇంకో డబ్బా దాన్ని అందుకొని ముందుకు పంపుతుంది. మాట్లాడటం ఉండదు, రాసుకోవడమే. సూర్యాపేటలో ఆయన ఇంటి మీద ఒకటి, మోతె దగ్గర మా మిద్దె మీద ఒకటి, కోదాడలో మా పుట్టింటి వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మ ఇంటి మీద ఒకటి, మిర్యాలగూడలో మా ఆయన లారీకి లోడెత్తే రైస్ మిల్లు మీద ఒకటి. నడుమ ఊళ్లలో ఎత్తయిన ఇళ్ల వాళ్లను అడిగి మరికొన్ని పెట్టారు. టవర్లు పనిచేయని రోజున పనికొస్తాయని ఆయన ఆశ. మిగతా రోజుల్లో అది ఆయన సరదా.

మా ఇంట్లో డబ్బా పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. తలుపు వెనక నిలబడి వింటున్నాను.

“దీనికి ఒక పేరు పెట్టాలె వదినె. ఎవరి పేరు రాయమంటవ్?” అని మా అత్తను అడిగారు.

“ఇంకెవరిది? మా పిలగానిదే రాయి.”

“వాడు లారీల తిరుగుతడు. మిద్దె మీదికి రోజు ఎక్కేదెవరు?”

“కోడలు. బట్టలారేస్తది.”

“అయితే కోడలే చెప్పాలె. చెప్పు బిడ్డా.”

ఏం చెప్పాలో తెలియక “మిద్దె” అన్నాను.

“ఇనవడలే.”

“మిద్దె, మామయ్యా.”

అత్త పకపకా నవ్వింది. “పేరు చెప్పమంటే జాగ చెప్పింది కోదాడ పిల్ల!”

“మంచిగున్నది వదినె. మనుషులు తిరుగుతరు, మిద్దె యాడికీ పోదు,” అంటూ అదే రాశారు. అలా ఆ డబ్బాల లోకంలో నా పేరు మిద్దె అయింది.

దీపాలు పెట్టే వేళకు రోజూ ఆయన “ఉన్నరా?” అని పంపేవారు. “కోదాడ ఉన్నాం” అని టైలరమ్మ, “మిల్లు ఉన్నం” అని మిల్లు గుమాస్తా జవాబు ఇచ్చేవారు. అందరి డబ్బాలూ పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఆయన పెట్టిన అలవాటు అది. నేను చదివి ఊరుకునేదాన్ని. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, అందరూ చూసేచోట ఏం రాస్తాను?

ఒకసారి వచ్చినప్పుడు నవ్వుతూ అడిగారు. “డబ్బ పలుకుతున్నది, బిడ్డ పలుకుతలేదు. ఏమైంది?”

“తప్పులు పోతాయి మామయ్యా. అందరూ చూస్తారు.”

“సూడనియ్. అక్షరం వంకరగ ఉన్నా అందుతది. రాయకపోతేనే అందదు.”

ఆ సందె వేళ ఎన్నిసార్లు రాసి చెరిపానో. చివరికి “ఉన్న” అని పంపాను. వెంటనే జవాబు వచ్చింది. “మిద్దె ఉన్నది. శాన సంతోషం.” అది చదువుతూ కూర మాడబెట్టాను.

ఒకరోజు ఉన్నట్టుండి నా మాట ఎవరికీ అందలేదు. సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఏ మాటైనా మా డబ్బా మీదుగానే పోవాలి కాబట్టి ఆ రెండు ఊళ్ల మాటలూ ఆగిపోయాయి. మర్నాడే చిన్నమామ బస్సెక్కి వచ్చారు. మిద్దె ఎక్కి చూస్తే డబ్బా మీద పెద్ద సిల్వర్ బేసిన్ బోర్లించి, పైన రాయి పెట్టి ఉంది.

“ఎవల పని ఇది?”

“నేనే పెట్టిన,” అంది అత్త గర్వంగా. “కోతులు పీకుతున్నయ్. వానకు నానుతది గూడ. నీ డబ్బను నేను కాపాడిన మరిదీ!”

“కాపాడినవ్ వదినె, నోరు మూసి కాపాడినవ్! లోహం కింద పెడితే రేడియో ఊపిరాడక సస్తది.”

ఇద్దరూ నవ్వీ నవ్వీ మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆయన బజారుకు పోయి రంగుల దుకాణంలో ఖాళీ ప్లాస్టిక్ బకెట్ అడిగి తెచ్చారు. దాన్ని డబ్బా మీద బోర్లించి గట్టిగా కట్టారు. చిన్న సోలార్ పలక మాత్రం బయట ఎండలో ఉంచారు. “బిడ్డా, ఈ పలక మీది దుమ్ము తుడుసుడు నీ పని,” అన్నారు. ఇప్పటికీ రోజూ కొంగుతో తుడుస్తాను.

ఆ తర్వాత పెద్ద వానలు పట్టాయి. కరెంటు పోయింది, టవర్లు పోయాయి. కోదాడలో వీధుల్లోకి నీళ్లు వచ్చాయని ఎవరో చెప్పుకుంటూ పోయారు. మా అమ్మ అక్కడ ఒక్కతే, ఇల్లు వాగు పక్కన. ఎవరి ఫోనూ కలవలేదు. సందె వేళ వానలోనే “ఉన్నరా?” అని వచ్చింది. “కోదాడ ఉన్నాం” అని జవాబు వచ్చింది. అందరి ముందూ నా ఇంటి గోల ఎలా రాయను? చివరికి “మా అమ్మ?” అని మాత్రం పంపాను.

టైలరమ్మ జవాబు చదివి ఏడ్చేశాను. “మా మేడ మీదే ఉంది. పప్పుచారు తాగింది. నువ్వు తిన్నావో లేదోనని నన్ను చంపుకు తింటోంది.”

దాని కింద చిన్నమామ మాట ఒకటే. “అడిగినవ్. గంతే సాలు బిడ్డా.”

దినాల రోజు సూర్యాపేటలో వాళ్లందరినీ మొదటిసారి చూశాను. మిల్లు గుమాస్తా తెల్లబోయారు. “నువ్వేనా మిద్దె? ఎవలో పెద్దమనిషి అనుకున్న!” టైలరమ్మ నన్ను దగ్గరకు తీసుకుంది.

“ఇగ మనల ఎవలు అడుగుతరు?” అన్నారు గుమాస్తా.

“మీరే అడగండి, పెద్దవారు,” అంది టైలరమ్మ.

“అమ్మో, గది ఆయన మాట. నా నోట ఎట్లొస్తది?”

చిన్నమామ భార్య, మా చిన్నత్త, గోడకు ఆనుకొని కూర్చుంది. “ఇంటి మీది డబ్బను నేనుండంగ ఎవల తియ్యనియ్య. కానీ నాకు రాసుడు రాదు బిడ్డా,” అని నా వైపు చూసింది.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఎవరూ అడగలేదు. అడగకపోతే ఎవరూ పలకరు. ఇలాగే ఉంటే ఒక ఇంట్లో పలక మీద దుమ్ము పడుతుంది, ఇంకో ఇంట్లో డబ్బా విప్పి అటక మీద పెడతారు. మళ్లీ వాగు పొంగిన రోజున ఎవరి అమ్మ సంగతి ఎవరు చెబుతారు?

నిన్న సందె వేళ మిద్దె ఎక్కాను. పలక తుడిచాను. “ఉన్నరా?” అని రాసి, ఈసారి చెరపకుండా పంపాను.

“కోదాడ ఉన్నాం” అని ముందుగా వచ్చింది. మిల్లు జవాబుకు కాస్త ఆలస్యమైంది. మిర్యాలగూడ నుంచి ఏ మాటైనా చిన్నమామ ఇంటి మీది డబ్బా అందుకొని పంపితేనే మా దాకా వస్తుంది. ఫోన్ వెలిగింది. “మిల్లు ఉన్నం బిడ్డా.”

సూర్యాపేట వైపు చూశాను. ఇక్కడి నుంచి ఆ ఇల్లు కనబడదు. పొద్దు అటే గూకుతోంది. నా పలక మీది ఎండ మెల్లగా జారిపోతోంది. ఆయన పలక మీద ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది.