గిన్నెలో మోటారు, కెమెరాలో గొంతు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. మొయినాబాద్‌లో మొబైళ్లు, సీసీ కెమెరాలు బాగుచేసే షాపు నాది. ఏ వస్తువు ఆగిపోయినా విప్పి చూస్తే తెగిన వైరో, అరిగిన చక్రమో దొరుకుతుంది. అందుకే ఇది జరిగి రెండేళ్లవుతున్నా బయట పెద్దగా చెప్పుకోలేదు.

మా సామేలు చిన్నాయన చేవెళ్ల చుట్టుపక్కల పెళ్లిళ్లకు, చర్చి పండుగలకు వీడియోలు తీసేవాడు. నాకు స్క్రూడ్రైవర్ పట్టడం నేర్పింది ఆయనే. ఎవరి టేపులు వాళ్లకు ఇచ్చేసేవాడు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవాడు కాబట్టి ఆయన కనిపించే వీడియో ఒక్కటీ లేదు.

ఆయన పోయిన ఆరేళ్లకు మేరమ్మ చిన్నమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మీ చిన్నాయన మొఖం ఫోటోల చూస్తున్న. గొంతే యాదికొస్తలేదు. ఆయన పాత కెమెరాల ఒక క్యాసెట్ ఇరుక్కొని ఉన్నది. అండ్ల మాట్లాడిండు. జర తీసియ్యరాదు?"

ఆదివారం ప్రార్థన అయ్యాక చేవెళ్లలోని చిన్నమ్మ ఇంటికి వెళ్లి, కెమెరా ప్లగ్ పెట్టి చూశాను. క్యాసెట్ లోపలికి దిగగానే రెండు చిన్న కడ్డీలు టేపును బయటికి లాగి, దాన్ని చదివే గుండ్రటి హెడ్‌కు చుట్టాలి. అప్పుడే బొమ్మ వస్తుంది. ఇందులో మోటారు ఉత్తగా గిర్రున తిరుగుతోంది, కడ్డీలు కదలడం లేదు. క్యాసెట్ బయటికీ రావడం లేదు. బలవంతంగా లాగితే టేపు తెగిపోవచ్చు. ఇక ఆ గొంతు ఎక్కడా దొరకదు.

మూత విప్పాను. మోటారు పక్కనున్న చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం రెండుగా చీలి ఉంది. మోటారునూ ఆ ముక్కలనూ ఊడదీసి, ఎక్కడా పడిపోకుండా ఒక స్టీలు గిన్నెలో వేశాను. కరెంటు ప్లగ్ తీయడం మరిచిపోయాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

అంతలో చిన్నమ్మ అన్నానికి పిలిచింది. కెమెరాను ముందు గదిలోనే వదిలి, గిన్నెను మాత్రం తీసుకెళ్లి కంచం పక్కనే పెట్టుకున్నాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆమె నా ఎదురుగా కూర్చుని కూర వేస్తోంది.

ముందు గదిలోంచి మాటలు వినిపించాయి.

"మేరీ, పని తర్వాత చేసుకో. జర ఇటు చూడు. నవ్వితె ఏం పోతది?"

చిన్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇద్దరం ఒకేసారి లేచాం. ఎందుకో గిన్నె కూడా పట్టుకునే పరుగెత్తాను.

కెమెరా చిన్న తెర మీద బంతితోట. అందులో పూలు కోస్తున్న చిన్నమ్మ, తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. టేపు హెడ్‌కు చక్కగా చుట్టుకుని తిరుగుతోంది. మోటారు ఉండాల్సిన చోటు ఖాళీ. మోటారేమో నా చేతిలోని గిన్నెలో ఉంది.

తెర మీది చిన్నమ్మ "పోవయ్యా, పనున్నది" అని ఒక బంతిపువ్వు విసిరింది. సరిగ్గా అప్పుడే నా పక్కనున్న చిన్నమ్మ కూడా అదే మాట అంది. చిన్నాయన నవ్వుతుంటే బొమ్మ అటూ ఇటూ ఊగింది.

నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

నాలుగైదు నిమిషాల తర్వాత బొమ్మ ఆగింది. కడ్డీలు వాటంతటవే వెనక్కి జరిగాయి. క్యాసెట్ పైకి లేచింది. టేపు మీద ఒక్క ముడత లేదు.

మరో కెమెరా సంపాదించి, ఆ టేపును చిన్నమ్మ ఫోన్‌లోకి ఎక్కించాను. మేం విన్న ప్రతి మాటా అందులో ఉంది. కాబట్టి అది మా భ్రమ కాదు. తర్వాత పాత కెమెరాలో మోటారు లేకుండా వేరే క్యాసెట్ పెట్టి ఎన్నోసార్లు చూశాను. కడ్డీలు వెంట్రుకవాసి కూడా కదలలేదు. నాకంటే అనుభవమున్న మెకానిక్‌ను అడిగితే, "నువ్వు మోటర్ తీసిన అనుకున్నవ్ గని తియ్యలేదు కావొచ్చన్నా" అన్నాడు. తీశాను. నాకు తెలుసు.

చిన్నమ్మకు ఈ తర్కాలేవీ అక్కర్లేదు.

"మీ చిన్నాయన ఉన్నన్ని దినాలు నాలుగుసార్లు పిలిస్తె గని పలకకపోతుండె. గా దినం పిలవకముందే పలికిండు" అని మురిసిపోతుంది.