ఆఖరి ఆట ఓడిపోయే ఉస్తాద్

మా చిన్నతనంలో చెడుగుడు ఉందంటే చాలు, జొన్న గట్క గిన్నె అక్కడే వదిలేసి చెరువు కింది మళ్ళలోకి పరుగెత్తేదాన్ని... కోత అయిన మడిలో గీతలు గీసి ఆడేవాళ్ళు. మా అన్న నర్సింహ కూతకు పోతే, ఒక్క ఊపిరి మీద అటు వెళ్ళి ఇటు వచ్చేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని.

(నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. తప్పులుంటే దాన్నే అనండి.)

మా ఇబ్రహీంపట్నం జట్టులో ఏడుగురు. వాళ్ళకు ఆట నేర్పేది చేపలు పట్టే మల్లయ్య ఉస్తాద్. నడి ఎండాకాలంలో కూడా ఒంటి మీది బనీను తీసేవాడు కాదు. ఎప్పుడూ ఒకటే మాట... "కడుపు ఖాళీగుంటెనే కూత నిలుస్తది." ఆటకు ముందు గుక్కెడు అంబలి కూడా ముట్టనిచ్చేవాడు కాదు.

ఎండాకాలమంతా గెలుపు మాదే. యాచారం వాళ్ళు, బొంగులూరు వాళ్ళు మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకునేవాళ్ళు. కానీ ఆఖరి ఆట కోటలాంటి దొర గడీ ముందు జరిగేది. గెలిచిన జట్టుకు పగిడీలు, ఒక మేకపోతు, పైగా గడీలో కొలువు. గట్కకే కరువైన రోజుల్లో రెండు పూటలా వరి అన్నమంటే మాటలా... ఆ ఒక్క ఆటా మేం ఓడిపోయేవాళ్ళం. వరసగా మూడేళ్ళు.

ఊరు ఊరుకుంటుందా. "చిన్నాటలకే ఉస్తాద్‌వి నువ్వు. అసలాట నీతోని గాదు" అని మా బాపు ఆయన మొహం మీదే అన్నాడు. ఉస్తాద్ తల వంచుకుని వల కుట్టుకున్నాడు. నేనైతే ఆయన వెనకాలే నడుస్తూ మూతి తిప్పి వెక్కిరించేదాన్ని. అంత పొగరు నాకు.

నాలుగో ఏడు... పోలీస్ యాక్షన్‌కు ముందరి ఎండాకాలం. ఊళ్ళల్లో దొరలకు ఎదురు తిరిగే సంఘం, గడీల్లో తుపాకులు. ఆఖరి ఆటకు ముందు ఉస్తాద్ ఎప్పట్లాగే గడీ పక్క మామిడి తోటలో ఏడుగురినీ కూర్చోబెట్టి జొన్నరొట్టెలు, చేపల పులుసు పెట్టించాడు. పెద్ద ఆట కదా, ప్రేమతో పెడుతున్నాడని అందరూ అనుకునేవాళ్ళు. గిన్నెలు అందిస్తున్న నాకు మాత్రం ఆ రోజు చటుక్కున వెలిగింది. ఎండాకాలమంతా కడుపులు మాడ్చి, ఆఖరి ఆటకే కడుపు పగిలేట్టు పెడతాడేమిటి... తన మాట తనకే గుర్తుండదా ఈ పిచ్చి మనిషికి, అనుకున్నాను.

అన్న చెవిలో ఊదాను. "అన్నా, ఇయ్యాల తినకు. తిన్నట్టు జెయ్యి."

అన్న కన్ను గీటి, తన రొట్టె, చేప నా గిన్నెలోకే జారవిడిచాడు.

ఆట మొదలయ్యాక మిగతా ఆరుగురూ రొప్పుతుంటే అన్న ఒక్కడే కూత మీద కూత. "నర్సిమ్మా, ఇగ సాలు, కూసో" అని ఉస్తాద్ గొంతు చించుకున్నాడు. అన్న వినలేదు. మేం గెలిచాం.

ఉస్తాద్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆయన పైన కూర్చుని ఏడుస్తున్నాడు. "సంబురంతోని ఏడుస్తుండు పాపం" అన్నాడు మా బాపు. నావల్లే గెలిచామని నేను ఎగిరిందే ఎగరడం.

పగిడీలు చుట్టి, అటు నుంచి అటే ఏడుగురినీ గడీ లోపలికి తీసుకుపోయారు. అన్న వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు... తలుపులు మూసేశారు.

వానలు తగ్గుముఖం పట్టాక మిలటరీ వచ్చింది. దొర పట్నం పారిపోయాడు. బతుకమ్మకు ముందు ఆరుగురు తిరిగొచ్చారు. ఆరుగురే... గడీ మనుషులు ధాన్యం కోసం ఊళ్ళ మీద పడ్డప్పుడు, వెనక తుపాకులు పెట్టి వీళ్ళను ముందు నడిపించేవాళ్ళట. ఎదురు తిరిగిన ఒక ఊళ్ళో వడిసెల రాయి వచ్చి అన్న కణతకు తగిలిందట. విసిరినవాళ్ళూ మాలాంటి రైతులే.

నాకు ఏడుపు రాలేదు. అలాగే నడుచుకుంటూ ఉస్తాద్ గుడిసెకు వెళ్ళాను.

ఆయన బనీను విప్పి వెనక్కి తిరిగాడు. వీపంతా పాత కొరడా వాతలు. "నేను గూడ ఒకప్పుడు గెలిచినోణ్ణే బిడ్డ" అన్నాడు. "అందుకే తినబెట్టి ఓడగొట్టిన. మూడేండ్లు ఏడుగురు పోరగాండ్లు ఇండ్లల్ల పన్నరు."

"మరి మాకు చెప్పొద్దా, ఉస్తాద్?"

"ఊరికి చెప్తే గడీకి తెల్వకుంట ఉంటదా?"

"అన్నను తినొద్దన్నది నేనే."

"ఎరికే. వాని రెండో కూతకే నీ గిన్నె దిక్కు జూసిన." బనీను మళ్ళీ తొడుక్కున్నాడు. "మీ అమ్మకు చెప్పకు. ఆమె నన్నే తిట్టుకోనీ."

చెప్పలేదు. "నా కొడుకును గెలిపించి గడీకి పంపిండు" అని మా అమ్మ పోయేదాకా ఆయన్ను తిడుతూనే ఉంది. ఆ తిట్లు వింటూ ఆయన మా వాకిలి ముందు నుంచే చెరువుకు పోయేవాడు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

మొన్న మా మునిమనవడు కాలేజీ బాస్కెట్‌బాల్ నుంచి కోపంగా వచ్చాడు. అన్ని ఆటలూ గెలిచి ఫైనల్లో ఓడారట. "గా కోచ్‌ను తీసెయ్యాలె" అని ఫోన్లో ఒకటే గోల. పాపం, ఈ కోచ్ నిజంగానే ఓడిపోయి ఉంటాడు... గెలిస్తే ఎవరినీ ఎత్తుకుపోని రోజులు కదా ఇవి. అందుకే మనవరాల్ని పిలిచి ఇది టైపు చెయ్యమన్నాను.

ఇన్నేళ్ళకు ఇదే మొదటిసారి బయట పెట్టడం. ఇదిగో, మనవరాలు టైపు ఆపి నన్నే చూస్తోంది. మీరూ ఎవరినైనా ఇలా తప్పుగా తూచి ఉంటే, వాళ్ళ పేరు ఇక్కడ రాయండి... మా ఉస్తాద్ పేరు మల్లయ్య.